పొయ్యి ముందు కూర్చున్నవారి చరిత్ర

క్రిందటి నెలలో మా మనుమరాలి పుట్టినరోజుకని పిల్లలు మమ్మల్ని ఊరి బయట రహదారి ప్రక్కనున్న ఒక భోజనశాలకు తీసుకువెళ్ళారు. గుమ్మం మీద "కట్టెల పొయ్యి వంట" అని పెద్ద అక్షరాలతో వ్రాసి ఉంది. అరటాకులో ముద్దపప్పు, నెయ్యి, వంకాయ పచ్చడి వడ్డించారు. మొదటి ముద్ద నోట పెట్టుకోగానే నాలోని పాతకాలపు మాస్టారు మేలుకొన్నాడు. "ఇదమ్మా రుచి! గ్యాసు పొయ్యి వచ్చాక ఇది పోయింది. మా అమ్మ కట్టెల పొయ్యి మీద వండితే వీధి చివరికి వాసన వచ్చేది" అని పిల్లలకు ఉపన్యాసం మొదలుపెట్టాను. ఎదురుగా కూర్చున్న మా ఆవిడ తలెత్తకుండానే, "మీకా రుచి గుర్తుంది గాని అత్తయ్యగారి దగ్గు గుర్తులేదు" అన్నది. ఉపన్యాసం అక్కడితో ఆగిపోయింది.

ఆ పూట ఆమెకు చెప్పలేకపోయిన సమాధానమే ఈ వ్యాసం. ఆమెను కాదనడానికి వ్రాస్తున్నది కాదు. ఆమె అన్నది ఎంతవరకు నిజమో తెలుసుకోవడానికి పొయ్యి చరిత్రను కాస్త మొదటినుంచీ తిరగవేశాను. నేను చదువుకొన్నది భాషాప్రవీణ. బ్రతుకంతా చెప్పినది సంధులు, సమాసాలు. వేడిని గురించి వ్రాసే అర్హత ఎక్కడిదని అడిగేవారికి ముందు ఒక సంగతి మనవి చేస్తాను.

ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో ఒకసారి సైన్సు మాస్టారు చాలా రోజులు సెలవు పెట్టారు. ప్రధానోపాధ్యాయులు నన్ను ఆ తరగతికి పంపారు. పాఠం ఉష్ణప్రసారం. పుస్తకంలో మూడు మాటలున్నాయి: వహనం, సంవహనం, వికిరణం. నా శాస్త్రం నాకున్నది గదా! "వహ్" ధాతువుకు మోయడమని అర్థం, "సం" ఉపసర్గ చేరితే కలిసి మోయడం, "వి" చేరిన కిరణం నలుదిక్కులా వెదజల్లబడేది అని వ్యుత్పత్తులు చెప్పాను. పిల్లల ముఖాలలో ఏ వెలుగూ లేదు. చివరి బల్ల మీది ఒక అమ్మాయి లేచి, "గరిట పప్పులో మరిచిపోతే కాడ కాలుతుంది, అది మొదటిది. ఎసట్లో బియ్యం కిందికీ పైకీ తిరుగుతాయి, అది రెండోది. పొయ్యి ముందు కూచుంటే మొహం మండుతుంది, అది మూడోది. అంతేనా మాస్టారూ?" అని అడిగింది. అంతే. అంతకు మించి ఆ పాఠంలో ఏమీ లేదు. ఆ పిల్ల బడికి వచ్చేముందు ఇంట్లో వంట చేసి వచ్చేదని నాకు తరువాత తెలిసింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి మా అమ్మ వంట చేస్తుండగా మొదటిసారి పొయ్యిని శ్రద్ధగా చూశాను. పొయ్యినే చూశాను, అమ్మను చూడలేదు. అది తరువాతి సంగతి.

మనిషి నిప్పును చేతికి తెచ్చుకొన్న కాలం ఊహకందనంత పాతది. దక్షిణాఫ్రికాలోని వండర్‌వర్క్ గుహలో సుమారు పది లక్షల ఏళ్ళనాటి బూడిద, కాలిన ఎముకల ముక్కలు దొరికాయని 2012లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అంత దూరం పోనవసరం లేకుండా మన పాలమూరు ప్రాంతంలోనే ఉట్నూరు దగ్గర బూడిద దిబ్బ ఒకటున్నది. 1957లో దాన్ని త్రవ్వించిన ఆల్చిన్ అనే పురాతత్త్వవేత్త అది కొత్తరాతియుగపు పశుపాలకుల మంద దొడ్డి అనీ, పేరుకుపోయిన పేడను మళ్ళీ మళ్ళీ కాల్చగా ఏర్పడిన బూడిద అనీ తేల్చాడు. ఆ కాలపు దక్కను ప్రజలు పండించుకొన్న పంటలలో ముఖ్యమైనవి పెసలు, ఉలవలు. రెండూ పచ్చిగా తిని అరిగించుకొనేవి కావు. కుండలో నీళ్ళు పోసి చాలాసేపు ఉడికించవలసినవి. పేడ నిప్పు, మట్టికుండ, ఉలవలు: ఈ మూడూ మా అమ్మ వంటింట్లోనూ ఉన్నాయి. వేల ఏళ్ళలో పొయ్యి అంత కొద్దిగానే మారిందన్నమాట.

మా ఇంటి పొయ్యి మట్టిది. మూడు గుబ్బలు, ముందు కట్టెలు పెట్టే నోరు. ఏటి గట్టున తెచ్చిన మట్టిలో ఊక కలిపి అమ్మే వేసుకొనేది. వారానికి రెండుసార్లు పేడతో అలికి ముగ్గు పెట్టేది. తుమ్మ కట్టెలుంటే సరే, లేకపోతే కందికంప, పత్తికంప, కొబ్బరి మట్టలు, పిడకలు. వానాకాలంలో తడిసిన కట్టెలతో ఊదుగొట్టం పట్టుకొని ఊదీ ఊదీ కండ్లు ఎర్రబడేవి. గిన్నె అడుగున తడిబూడిద రాసి పొయ్యి మీద పెట్టేది, మసి తేలికగా పోతుందని. మధ్యలో కొన్నేళ్ళు రంపపు పొట్టు పొయ్యి కూడా వచ్చింది. రేకు డబ్బా నడుమ సీసా నిలబెట్టి చుట్టూ పొట్టు దట్టించి, సీసా మెల్లగా పైకి తీస్తే నడుమ గొట్టం ఏర్పడేది. అడుగున ఉన్న కంత గుండా గాలి పోయి, పూటకు సరిపడా నిలకడగా మండేది.

మూడు గుబ్బల పొయ్యిలో ఉన్న లోపమేమిటి? దాని మంట నలుదిక్కులకూ పోతుంది. గిన్నె అడుగుకు తగిలేది కొంత. ప్రక్కనుంచి లేచిపోయే వేడి గాలి కొంత. గోడకు, నేలకు, ఎదుట కూర్చున్న మనిషి ముఖానికి తగిలేది కొంత. అటువంటి పొయ్యిలో కట్టెలోని వేడి నూటికి పది పదిహేను పాళ్ళకు మించి వంటకు చేరదని లెక్కలు చెబుతున్నాయి. తక్కినదంతా వంటిల్లు కాగడానికే. వేసవిలో మా అమ్మ చీర చెంగుతో మెడ తుడుచుకొంటూ వండడం నాకు బాగా జ్ఞాపకం. ఆ చెమట కూడా ఆ లెక్కలోదే.

ఈ దుబారాను మొదటిసారి శాస్త్రబుద్ధితో పట్టి చూచినవాడు రంఫర్డ్ ప్రభువు. 1753లో అమెరికాలో పుట్టిన బెంజమిన్ థాంప్సన్ ఇతడు. జర్మన్ దేశాలలో ఒకటైన బవేరియా కొలువులో చేరి ప్రభువు బిరుదు పొందాడు. ఫిరంగి గొట్టాలు తొలిచేటప్పుడు పుట్టే వేడిని పరిశీలించి, వేడి ఒక పదార్థం కాదు, చలనమే అని 1798లో వాదించినవాడుగా శాస్త్ర చరిత్రలో అతడికి చోటున్నది. కాని మ్యూనిక్‌లో బీదలకు అన్నం పెట్టించే పనిలో అతడు వంటిళ్ళలోకి తొంగిచూడడం నాకు అంతకంటె గొప్పగా తోస్తుంది. విశాలమైన బోడి పొయ్యిలో రగిలే మంటలో చాలా భాగం వృథా అని గుర్తించి, ఇటుకలతో కట్టిన గూటిలో ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క చిన్న నిప్పుగూడు, దానికొక తలుపు, గాలిని అదుపు చేసే పలక ఏర్పాటు చేశాడు. పాత్రను మంటమీద పెట్టడం కాక మంటనడుమ దింపడం అతడి ఉపాయం.

అతడు చెప్పిన మరొక మాట మా అమ్మ నోట నేను వేయిసార్లు విన్నదే. నీళ్ళు ఒకసారి తెర్లడం మొదలుపెట్టాక మంట ఎంత పెంచినా వాటి వేడి పెరగదు. కళపెళ మరిగినా, మెల్లగా కుతకుతలాడినా ఆ నీటి వేడి 100 డిగ్రీలే. పెంచిన మంట నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. ఆ పోయిన వేడిని గుప్తోష్ణమన్నారు. స్కాట్లండులో జోసెఫ్ బ్లాక్ 1760 ప్రాంతాలలో దాన్ని కనిపెట్టాడు. ఒక గ్రాము నీటిని సున్నా నుంచి నూరు డిగ్రీలకు కాచడానికి 100 కెలోరీలు చాలు. నూరు డిగ్రీల నీటిని ఆవిరి చేయడానికి మరి 540 కెలోరీలు కావాలి. అంటే మూత లేని గిన్నెలోనుంచి ఆవిరైపోయే ప్రతి గ్రాముతోనూ, అయిదు గ్రాముల చన్నీటిని మరిగించగల వేడి ఎగిరిపోతున్నది. ఎసరు తెర్లగానే అమ్మ ఒక కట్టె వెనక్కు లాగి, "పొంగింది చాలు, ఇంకా మంటెందుకురా, కట్టెలు ఊరికే వస్తున్నాయా?" అనేది. జోసెఫ్ బ్లాక్ పేరు ఆమె వినలేదు. కట్టె విలువ మాత్రం ఆమెకు తెలుసు.

రంఫర్డ్ జీవితంలో ఒక చిన్న సంఘటన చెప్పకుండా ముందుకు పోలేను. ఒకనాడు ఏదో ప్రయోగంలో మునిగి ఉండగా చిక్కని బియ్యపు జావ తెచ్చారట. చల్లారకుండా ఇనుప పొయ్యి మీద పెట్టించాడు. ఆలస్యంగా వచ్చి చెంచాతో పైన తీసుకొంటే చల్లగా ఉన్నది. లోపలికి ముంచి తీసుకొంటే నోరు కాలింది. అప్పటికి పొయ్యిలో నిప్పు ఆరిపోయి ఉన్నది. పలుచని నీరైతే వేడెక్కిన భాగం తేలికై పైకి, చల్లని భాగం క్రిందికి తిరుగుతూ అంతటా ఒకటే వేడి అవుతుంది. చిక్కని జావలో ఆ తిరుగుడు సాగదు. అందువల్ల వేడి ఎక్కడిదక్కడే బందీ అయి ఉంటుంది. ద్రవాలలో ఉష్ణసంవహనాన్ని గురించి అతడు వ్రాసిన వ్యాసానికి ప్రేరణ కలిగించిన అనుభవాలలో ఇదొకటి.

ఇది చదివినప్పుడు నాకు ముద్దపప్పు గుర్తుకు వచ్చింది. అదే కంచంలో చారు పోసుకొంటే నిమిషాలలో చల్లారుతుంది. ముద్దపప్పు నడుమ వేలు పెడితే బొబ్బ లేస్తుంది. "అంచుల నుంచి తినరా" అని ప్రతి తల్లీ చెప్పేదే. ఈ మాటకు మన దేశంలో రాజ్యాలు కూల్చిన చరిత్ర ఉన్నదని హేమచంద్రుడు పన్నెండవ శతాబ్దంలో రచించిన పరిశిష్టపర్వంలోని కథ చెబుతుంది. పాటలీపుత్రం మీదికి నేరుగా పోయి ఓడిన చాణక్యుడు మారువేషంలో తిరుగుతూ ఒక ముసలమ్మ ఇంటికి వస్తాడు. వేడి జావ నడుమ చేయి పెట్టి కాల్చుకొన్న పిల్లవాణ్ణి ఆమె, చాణక్యుడంత తెలివితక్కువవాడివని కోప్పడుతుంది. అప్పుడు అతడు సరిహద్దులు ముందు గెలిచి నడిమికి రావాలని గ్రహిస్తాడు. కథ నిజమో కల్పనో ఎట్లున్నా, జావ స్వభావం మాత్రం నిజం. మ్యూనిక్‌లో నోరు కాల్చుకొన్న ప్రభువూ, ముసలమ్మ ఇంట్లో చేయి కాల్చుకొన్న పిల్లవాడూ ఒకే బడి విద్యార్థులు.

ఈ దృష్టితో చూస్తే మన సామెత ఒకటి కొత్తగా కనబడుతుంది. అన్నం ఉడికినదీ లేనిదీ తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునంటాము. అది నీళ్ళు ఎక్కువ పోసి గంజి వార్చే అన్నానికి చక్కగా సరిపోతుంది. బియ్యం నీటితోపాటు క్రిందికీ మీదికీ తిరుగుతూ అన్నీ ఒక్కటిగా ఉడుకుతాయి గనుక ఒక మెతుకు అన్నిటి తరఫునా సాక్ష్యం చెప్పగలదు. అత్తెసరు పెట్టినప్పుడు, నీళ్ళు ఇంకిపోయే వేళకు ఆ సాక్ష్యం చెల్లదు. అడుగున మాడి, పైన పలుకుగా ఉండవచ్చు. అందుకే అత్తెసరు పెట్టిన ఇల్లాలు మంట తీసి, మూత మీద రెండు నిప్పులు వేసి ఉమ్మగిలనిస్తుంది. పైనుంచి కూడా సెగ తగలాలి గదా.

ఉమ్మగిలడం! ఎంత చక్కని మాట! నిఘంటువుల దుమ్ము దులిపేవాడిగా నాకొక అభిప్రాయం ఉన్నది: ఏ భాషలో దేనికి ఎక్కువ మాటలుంటాయో దాని మీద ఆ జాతి ఎక్కువ శ్రద్ధ పెట్టి ఉంటుంది. వేడికి మన మాటలు చూడండి. మంట, సెగ, కాక, ఉడుకు, వెచ్చన, గోరువెచ్చన. నిప్పు మీది తెల్లని బూడిద నివురు. ఆ వేడి బూడిద కుమ్ము. పాలు కాస్తాము, నీళ్ళు మరిగిస్తాము, పప్పు ఉడికిస్తాము, అప్పడం కాలుస్తాము, సెనగలు వేయిస్తాము, కూర ఇగురుస్తాము, ఆకుకూర మగ్గిస్తాము. వీటిలో ప్రతిదీ ఒక వేరు ఉష్ణ ప్రక్రియ. ఉడకడంలో వేడిని మోసేది నీరు; వేగడంలో నూనె. నీటికి నూరు డిగ్రీల హద్దున్నది, నూనెకు అది లేదు. గారె నూనెలో సుమారు 170, 180 డిగ్రీల దగ్గర వేగుతుంది గనుకనే దానికి ఎర్రని పెంకు, ఆ సువాసన. నీటిలో ఎన్ని గంటలు ఉడికించినా అది రాదు. మగ్గడంలో కూరలోని నీరే ఆవిరై కూరను ఉడికిస్తుంది. కుమ్ములో వంకాయ పెట్టినప్పుడు వేడిని మోసేది బూడిద, అది నిదానస్తురాలు. అందుచేత తొక్క మాడినా లోపల కండ వెన్నలాగా అవుతుంది.

నివురు చేసే మేలు ఇంకొకటి ఉన్నది. బూడిద ఉష్ణాన్ని సరిగా వహించదు, గాలినీ తేలికగా లోపలికి పోనివ్వదు. రాత్రి కప్పిన నిప్పు తెల్లవారేదాకా బ్రతికే ఉంటుంది. అగ్గిపుల్ల ఇంగ్లండులో 1826 ప్రాంతంలో పుట్టింది. అది పల్లెకు చేరి చవకయ్యేదాకా ఇంటి నిప్పును కాపాడడం ఇల్లాలి పని. ఆరిపోతే పిడక ముక్క పట్టుకొని పొరుగింటికి పోవలసిందే. దాలి కూడా ఈ సూత్రమే. గుంటలో పిడకలు రాజేసి, పైన బూడిద కప్పి, పాలకుండ పెడితే పొద్దస్తమానం సన్నసెగ తగిలి పాలు ఎర్రబడి వేలెడు మందాన మీగడ కట్టేది. 1867లో పారిస్ ప్రదర్శనలో నార్వే వంటపెట్టె అని ఒకటి బహుమతి పొందింది. మరిగిన గిన్నెను వేడి పోనివ్వని పెట్టెలో మూసిపెడితే నిప్పు లేకుండానే ఉడుకుతుంది. దాలిని నడిపించిన మా నాయనమ్మకు అది చూస్తే ఆశ్చర్యం కలిగేది కాదనుకొంటాను.

పెనం సంగతి కూడా చెప్పాలి. అట్టు పోసేముందు అమ్మ పెనం మీద నీళ్ళు చిలకరించేది. చుయ్యిమని వెంటనే ఇగిరితే అట్టు పోయవచ్చు. చుక్కలు ముత్యాలలాగా దొర్లుతూ ఆడితే పెనం మరీ కాలిపోయింది, మంట తగ్గించాలి. ఎక్కువ కాలిన పెనం మీద నీరు త్వరగా ఇగరాలి గాని ఆలస్యంగా ఇగరడమేమిటి? చుక్క అడుగున పుట్టిన ఆవిరి పొర దాన్ని పెనానికి అంటనివ్వదు. ఆవిరి ఉష్ణాన్ని బాగా వహించదు. జర్మనీలో లైడెన్‌ఫ్రాస్ట్ అనే వైద్యుడు కాలిన ఇనుప గరిటలో నీటి చుక్క వేసి చూచి 1756లో దీన్ని వర్ణించాడు. ఈనాటికీ అది అతడి పేరుతోనే చెలామణి అవుతున్నది. అతడికి ముందూ వెనుకా పెనం ముందు కూర్చొని రోజూ ఆ ప్రయోగం చేసిన ఆడవారి పేర్లు ఏ గ్రంథంలోనూ లేవు.

పాత్రల చరిత్ర ఇంకొక వ్యాసానికి సరిపడేంత ఉన్నది. క్లుప్తంగా చెబుతాను. మట్టి, రాచ్చిప్ప ఆలస్యంగా కాగుతాయి, ఆలస్యంగా చల్లారుతాయి. పులుసుకు అవి శ్రేష్ఠం. రాగి స్టెయిన్‌లెస్ స్టీలు కంటె సుమారు పాతికరెట్లు బాగా వేడిని వహిస్తుంది. ఇత్తడి ఆ రెంటికీ మధ్యస్థం. కాని ఇత్తడిలో పులుపు వండితే చిలుము దిగుతుంది. అందుకని కళాయివాళ్ళు వీధులలో తిరిగి, నవాసారం చల్లి, తగరం పూసి పోయేవారు. స్టీలు వచ్చాక పులుపు భయం పోయింది, అడుగంటడం వచ్చింది. వేడి అడుగంతా సమంగా పరచుకోక, మంట తగిలినచోటనే నిలిచిపోవడం దానికి కారణం.

ఇక ఆవిరిని బంధించిన కథ. 1679లో డెనిస్ పాపెన్ అనే ఫ్రెంచివాడు లండనులో ఒక బిగిమూత పాత్ర తయారుచేశాడు. ఆవిరి బయటికి పోకపోతే లోపల పీడనం పెరుగుతుంది. పీడనం పెరిగితే నీరు నూరు డిగ్రీలు దాటి కాగుతుంది. పాత్ర పేలిపోకుండా బరువు పెట్టిన మూతను కూడా అతడే అమర్చాడు. 1682లో రాయల్ సొసైటీ సభ్యులకు ఆ పాత్రలో వండి విందు చేస్తే ఎముకలు కూడా జున్నులా మెత్తబడ్డాయని అక్కడ తిన్న జాన్ ఈవ్‌లిన్ తన దినచర్యలో వ్రాసుకొన్నాడు. మన దేశంలో బెంగాలుకు చెందిన ఇందుమాధవ్ మల్లిక్ 1910లో ఇక్మిక్ కుక్కరు రూపొందించాడు. అది పీడనంతో పనిచేసేది కాదు; అడుగున కొద్ది బొగ్గులతో పుట్టిన ఆవిరి మీద గిన్నెలన్నీ ఒకేసారి నెమ్మదిగా ఉడికేవి. హాకిన్స్, ప్రెస్టీజ్ ప్రెషరు కుక్కర్లు రెండూ ఇక్కడ 1959లో మొదలయ్యాయి. మన కుక్కరులో నీరు సుమారు 120 డిగ్రీల దాకా కాగుతుంది. గంటన్నర ఉడకవలసిన కందిపప్పు మూడు నాలుగు ఈలలలో ముగుస్తుంది. పాపెన్ పాత్ర మన వంటింటికి చేరడానికి 280 ఏళ్ళు పట్టింది. శాస్త్రం ఆవిరి యంత్రానికి, ఓడకు, రైలుకు చకచకా వెళ్ళి, వంటింటికి మాత్రం చివర వచ్చింది.

పొగ సంగతి చూస్తే ఈ ఆలస్యం మరీ బాధాకరం. పొగ లేని పొయ్యిని గురించి ఆలోచించినవారిలో మన హైదరాబాదు ముందున్నది. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు చెందిన డాక్టర్ ఎస్. పి. రాజు మట్టితోనే కట్టుకొనగల, రెండు మూడు పాత్రలు ఒకే మంట మీద కాగే, పొగ గొట్టం ఉన్న పొయ్యిని రూపొందించాడు. ఆ పరిశోధనశాల పేరిట దాన్ని హెర్ల్ పొయ్యి అన్నారు. "స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్" అన్న ఆయన పుస్తకం 1953లో మద్రాసులో అచ్చయింది. అప్పటికి నేనింకా పుట్టలేదు. ముప్ఫై ఏళ్ళ తరువాత, 1983లో, కేంద్రప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం ప్రారంభించి 2002 దాకా నడిపింది. మూడు కోట్లకు పైగా పొయ్యిలు కట్టారు. చాలాచోట్ల గొట్టాలు మసితో పూడిపోయాయి, మట్టి బీటలు వేసింది, ఆ పొయ్యి నోట ఆ ఊరి కట్టె పట్టలేదు, ఆ ఇంటి కుండ కూర్చోలేదు. ఆడవారు మళ్ళీ మూడు గుబ్బలకే వెళ్ళారు. వండేవారిని అడగకుండా పొయ్యి కడితే అంతకంటె ఏమవుతుంది?

ఆ 1980లలోనే కర్క్ స్మిత్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, భారతీయ సహచరులతో కలిసి గుజరాత్ పల్లెలలో వంట చేసే స్త్రీల ఒంటికి చిన్న పరికరాలు తగిలించి, వారు పీల్చే పొగను కొలిచాడు. పెద్ద నగరాల గాలి కంటె వంటింటి గాలి ఎన్నో రెట్లు ప్రమాదమని తేలింది. ఇంటి పొయ్యిల పొగవల్ల 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అరణ్యపర్వంలో నలుడు గడ్డిపరకను ఎండలో పట్టుకొంటే నిప్పు పుట్టేదని చదువుకొన్నాము. పాకశాస్త్రంలో పేరు మోసిన నలుడికీ భీముడికీ కండ్లు మండి నీళ్ళు కారాయని ఏ కవీ వ్రాయగా నేను చదవలేదు. నలభీమపాకమని వంటకు మగవారి పేర్లు పెట్టుకొన్నాము, ఊదుగొట్టం మాత్రం వారి చేతిలో పెట్టలేదు.

ఇప్పుడు నా సంగతి. మనదేశంలో వంటగ్యాసు 1955లో బొంబాయిలో మొదలైంది. ఇండేన్ తొలి కనెక్షను 1965 అక్టోబరు 22న కలకత్తాలో ఇచ్చారు. నాకు ఉద్యోగం వచ్చినది 1982లో. మా పక్క పట్టణంలో అప్పటికే గ్యాసు ఉన్నది. పేరు నమోదు చేసుకొంటే కొన్నేళ్ళకు వచ్చేది. నేను నమోదు చేయలేదు. గ్యాసు మీద వండినది రుచి ఉండదనీ, కడుపు ఉబ్బుతుందనీ మా నాన్నగారనేవారు. నేను అవునన్నాను. మొదటి బకాయిల డబ్బుతో టేకు బీరువా చేయించి భారత సంపుటాలు సర్దుకొన్నాను. పెళ్ళయి మా ఆవిడ కూడా ఆ పొయ్యి ముందు కూర్చున్న తరువాత, 1988లో, ఆమె పట్టుబట్టగా దరఖాస్తు పెట్టాను. 1991లో సిలిండరు వచ్చింది. ఆరు సంవత్సరాలు రుచి పేరిట వృథా చేశాను. రుచి నాది, పొగ వారిది.

అమ్మ మొదట్లో గ్యాసు పొయ్యిని నమ్మలేదు. వారం తిరిగేసరికి ఊదుగొట్టాన్ని అటక మీదికి విసిరివేసింది. కాని దగ్గు తగ్గలేదు. 2001లో పట్టణంలో ఒక వైద్యుడు ఊపిరితిత్తుల చిత్రం చూచి, "మామ్మగారూ, మీకు చుట్ట అలవాటున్నదా?" అని అడిగాడు. ఆమె నవ్వి, "చుట్ట లేదు నాయనా, పొయ్యి ఉంది. యాభై ఏళ్ళు" అన్నది. నేను ప్రక్కనే నిలబడి ఉన్నాను. రెండేళ్ళకు ఆమె పోయింది. పిల్లలకు వహనం, సంవహనం, వికిరణం చెప్పినవాణ్ణి. వేడితోపాటు ఇంకేదో కూడా ఆ పొయ్యి నుంచి బయలుదేరి మా అమ్మలోకి పోతున్నదని నాకు తోచలేదు.

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం, 2016లో దేశమంతటా ఉజ్జ్వల పథకం వచ్చి బీద ఇళ్ళకు కూడా సిలిండర్లు చేరాయి. ఇప్పుడు మా ఇంట్లో ఇండక్షన్ పొయ్యి కూడా ఉన్నది. మంట లేదు, సెగ లేదు. అయస్కాంత క్షేత్రం వల్ల గిన్నె అడుగులోనే విద్యుత్తు సుళ్ళు తిరిగి వేడి అక్కడే పుడుతుంది. 1831లో ఫారడే కనుగొన్న ప్రేరణ సూత్రమే దానికి ఆధారం. మూడు గుబ్బల పొయ్యి మంటను చుట్టూ పారబోసింది. రంఫర్డ్ గూడు దాన్ని గిన్నె చుట్టూ మూసింది. పాపెన్ పాత్ర ఆవిరిని ఆపింది. ఇది గిన్నెనే పొయ్యిని చేసింది. మా మనుమరాలికి పొయ్యి అంటే నల్లని గాజు పలక. ఊదుగొట్టం చూపిస్తే పిల్లనగ్రోవి అనుకొన్నది. ఆమె అట్లా అనుకోవడం నాకు సంతోషంగానే ఉన్నది.

కట్టెల పొయ్యి వంట రుచి అబద్ధమని నేననను. పొగ వాసన, నిప్పుల నిదానపు సెగ, మట్టిపాత్ర నెమ్మది కలిసి ఆ రుచి నిజంగానే ఉన్నది. దాన్ని తలుచుకోవడం తప్పు కాదు. దాన్ని వండిన మనిషిని మరచి తలుచుకోవడమే తప్పు. ఆ మాట మా ఆవిడకు చెప్పాను. ఆమె, "ఆ ముక్క పిల్లలకు చెప్పండి, నాకెందుకు?" అన్నది. అందుకే ఇక్కడ వ్రాస్తున్నాను.

మిత్రులకు ఒక మనవి. ఉమ్మగిలడం, కుమ్ము, దాలి వంటి మాటలు మీ ప్రాంతాలలో ఇంకేమి ఉన్నాయో తెలియజేయండి. రాయలసీమ, తెలంగాణ, ఉత్తరాంధ్ర మాటలు నాకు తక్కువగా తెలుసు. ఆ మాటతోపాటు అది మీకు ఎవరి నోట తెలిసిందో కూడా వ్రాయండి. అమ్మ అనో అమ్మమ్మ అనో కాదు, వారి పేరు వ్రాయండి. మా అమ్మ పేరు సీతారావమ్మ.